గోధుమ రంగు వచ్చేదాకా

కొత్త రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అయిన సందడి ఇంకా తగ్గకముందే తెలీబంధా పేటలోని వాళ్లింటి నుంచి కబురు వచ్చింది, మా మాస్టారు పోయారని. ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో ఆయన సీనియర్ టెక్నీషియన్. నేను ఆయన చేతికింద పని నేర్చుకున్నదాన్ని.

గోదావరి జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన తండ్రి వెంట ఆయన చిన్నప్పుడే ఇక్కడికి చేరారట. రోజంతా హిందీలోనే మాట్లాడేవారు. మైక్రోస్కోప్‌లో కణాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం తెలుగు అంకెలే గొణుక్కునేవారు. స్లైడు మీద నంబరు చదివి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు. "పేరు కూడా చదువమ్మా. తప్పు చేస్తే ఎవరికి చేశామో తెలియాలి" అనేవారు.

ఒక తప్పు నేను చేశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అభన్‌పూర్ దగ్గర చిన్న రైలు పట్టాల మీద పనిచేసే శ్రీకాకుళం మనిషికి కంట్లో కండ పెరిగింది. ఎండకీ దుమ్ముకీ వచ్చే మామూలు కండే అనుకున్నారంతా. కంటి డాక్టరుగారికి మాత్రం అనుమానం. చిన్న ముక్క తీసి మాకు పంపారు. పెరిగే కణం తనలో ఒక ప్రొటీన్ తయారుచేసుకుంటుంది. మేం వేసే మందు దాన్ని పట్టుకుంటే గోధుమ రంగు వస్తుంది. ఆరోగ్యమైన కంటిపొరలో ఆ రంగు అడుగున అక్కడక్కడే ఉంటుంది. పైదాకా పాకితే క్యాన్సర్ మొదలైందని భయం.

ఆ పరీక్ష మాకు కొత్త. మందు పట్టాలంటే స్లైడ్లను ముందు బాగా ఉడికించాలి. అందుకు మాస్టారు ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చారు. "మీ పిన్నిగారికి చెప్పకు, పప్పు దేంట్లో వండాలని దెబ్బలాడుతుంది" అని నవ్వారు.

ఆ పూట ఆయన ఆలస్యంగా వచ్చారు. ఈలోగా నేనే పని ముగించాను. తొందరలో కుక్కర్ ముందే దించేశాను. మందు బొట్లు మిగులుతాయని, తప్పకుండా రంగు రావలసిన టాన్సిల్ ముక్కను దానితోపాటు పరీక్షకు పెట్టలేదు. కంటి ముక్కలో రంగు అసలు రాలేదు; అడుగున కొద్దిగానైనా ఉండాలన్నది నాకు తట్టలేదు. ఏమీ లేదని వార్డుకు కబురు పంపాను.

మాస్టారు స్లైడు చూశారు. "టాన్సిల్ ఏదీ?"

"వెయ్యలేదు మాస్టారూ."

"అరే! మందు పనిచేసిందో లేదో తెలియకుండా రోగం లేదని ఎలా చెప్పావమ్మా?"

వెంటనే వార్డుకు నడిచారు. వెనకే నేను. ఆ మనిషి అప్పటికే సంచీ సర్దుకుంటున్నాడు. డాక్టరుగారు విసుక్కున్నారు. "మా దగ్గర గల్తీ అయింది సాబ్. రేపు సరిగ్గా చెప్తాం" అన్నారు మాస్టారు. ఎవరి తప్పని అడిగినా "మాదే" అన్నారు.

మర్నాడు నా పక్కనే నిలబడి నా చేతే అంతా మళ్లీ చేయించారు. టాన్సిల్ ముక్కలో రంగు చక్కగా వచ్చింది. కంటి ముక్కలోనూ వచ్చింది, అడుగు నుంచి పైదాకా. నేను బల్ల అంచు పట్టుకున్నాను. మాస్టారు కుర్చీ లాగి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చారు. ఆ తప్పు ఊసు మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

డాక్టరుగారు చుట్టూ కొంత మంచిపొరతో సహా ఆ కండను తీసేశారు. కన్ను దక్కింది.

ఇంటికి వెళ్లేముందు ఆ మనిషి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చాడు. "బాబూ, నా కంట్లో ఏటున్నాదో ఓపాలి సూపిత్తారా?"

మాస్టారు అతని స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టి, లేచి తన స్టూలు ఇచ్చారు. కట్టు కట్టిన కంటికి తగలకుండా అతని తల పట్టుకుని, రెండో కంటిని మైక్రోస్కోప్ మీదికి మెల్లగా వంచారు.

"కనబడిందా?"

"కనబడతన్నాది బాబూ" అన్నాడతను. చాలాసేపు తల ఎత్తలేదు. మాస్టారు కూడా చెయ్యి తీయలేదు.