బద్దకి ఆ చివర

కాగితం మీద అడ్డంగా ఒక్క గీత ఉంది. "దీనికి సరిగ్గా నడుమ ఒక గుర్తు పెట్టండి సార్" అంది ఆస్పత్రిలో పరీక్షలు చేసే అమ్మాయి.

పటాలాయనకి నవ్వొచ్చింది. మీసాలు రానప్పటినుంచీ పటాలు కట్టి, గోడలకి తగిలించి బతికిన మనిషి. టేపు పట్టకుండా గోడకి నడుమెక్కడో చెప్తాడని వీధిలో పేరు. పెన్సిలు అందుకుని, గీత కుడి చివరికి వేలెడు దూరంలో గుర్తు పెట్టాడు. "నట్టనడుమ. కావాలంటే కొలుచుకోమ్మా" అన్నాడు.

ఎడమవైపు కుర్చీలో కూర్చున్న ఆయన భార్య ఆ గుర్తుని చూసి, ఆయన మొహంలోకి చూసింది.

తర్వాత కాగితం నిండా చిన్నచిన్న చుక్కల బొమ్మలిచ్చి అన్నిటినీ కొట్టెయ్యమంది ఆ అమ్మాయి. ఆయన కుడివైపు వాటిని శ్రద్ధగా, ఒక్కటీ వదలకుండా కొట్టేసి కాగితం వెనక్కిచ్చేశాడు. సగం కాగితం అలాగే మిగిలిపోయింది. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే చిన్నబుచ్చుకున్నాడు.

బయట వరండాలో ఆ అమ్మాయి భార్యకి విడమరిచి చెప్పింది. మెదడుకి కుడివైపు దెబ్బ తగిలింది. కళ్ళు బాగానే ఉన్నాయి. కానీ ఎడమవైపంటూ ఒకటుందన్న ధ్యాసే పోయింది. అటు ఉన్న మనిషైనా, కంచంలో సగమైనా, సొంత చెయ్యైనా ఆయన లెక్కలో ఉండవు.

"ఇదేం కొత్త రోగమమ్మా? పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్నదేగా" అంది పటాలావిడ.

ఆ అమ్మాయి నవ్వబోయి, నవ్వచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

పటాలావిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. వాళ్ళ కొట్లో పొడవాటి బల్ల ఒకటి. కుడి చివర ఆయనా, ఆయన రంపం. ఎడమ చివర ఆమె. ఫ్రేముకి కోసే చెక్కబద్ద కదలకుండా ఆ చివర పట్టుకోవడం ఆమె పని. "పట్టుకున్నావా?" అంటాడు. "పట్టుకున్నా" అంటుంది. ఆ మాట చెవిన పడందే రంపం కదలదు. పడ్డాక మాత్రం ఆయన కళ్ళు కోత మీదే. ఆ చివర మనిషుందా, మేకుందా అని తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇంట్లో పిల్లా జెల్లా లేరు. ఉన్నదల్లా ఆ బల్ల, ఆ రెండు చివరలు.

ఒక పెద్ద ఆఫీసు హాల్లో మనిషెత్తు పటం తగిలిస్తుండగా అయింది ఆ ప్రమాదం. ఆయన నిచ్చెన మీద, ఆమె కింద ఎడమ మూల పట్టుకుని. గోడలో దిగేసిన కొక్కెం ఊడొచ్చింది. పటం ఆమె వైపు పడింది, ఆయన నాపరాళ్ళ మీద పడ్డాడు. ఆమెకి భుజం మీద నాలుగు కుట్లతో పోయింది. ఆయన స్పృహ తప్పే ముందు ఆఖరుసారి విన్నది ఎడమ పక్క నుంచి ఆమె పెట్టిన కేక, గాజు భళ్ళున పగిలిన చప్పుడు.

"ఇకమీదట మీరు ఎడమవైపే కూర్చోండమ్మా. అటునుంచే పిలవండి. తిరిగి చూడటం అలవాటైతేనే ఆ వైపు ఆయనకి తిరిగొస్తుంది" అని చెప్పింది పరీక్షల అమ్మాయి. పటాలావిడ ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. ఎడమ పక్కన ఉండటం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పాటించిన కొద్దీ ఆయనకి ఆమె లేకుండా పోయింది. గొంతు వినిపిస్తుంది. ఆయన కుడివైపు వెతుకుతాడు. అక్కడ ఖాళీ కుర్చీ. కిటికీ. ఎవరూ ఉండరు. మళ్ళీ గొంతు. మళ్ళీ ఖాళీ కుర్చీ.

ఒకరోజు చూడటానికి వచ్చిన అక్కని దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, నిజం చెప్పు. అది పోయింది కదా?"

"ఛీ, అవేం మాటలురా! నీ పక్కనే ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడట నీలాంటివాడే" అంది అక్క.

ఆయన కుడివైపు ఖాళీ కుర్చీకేసి చూసి, అక్క వైపు జాలిగా చూశాడు. తనని బాధపెట్టలేక అందరూ కూడబలుక్కున్నారనుకున్నాడు.

పటాలావిడకి ఇక మనసాగలేదు. రూలూ లేదు గీలూ లేదని లేచి, మంచం చుట్టూ తిరిగి కుడివైపు వచ్చి నిలబడింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావే!" అని చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు. ఆమె ఏడ్చింది, అక్కా ఏడ్చింది. కాసేపటికి మందుల సీసా కోసం ఆమె మళ్ళీ అటు వెళ్ళింది. ఆయన చేతిలో ఉన్న చెయ్యి జారిపోయింది, మనిషి మాయమైంది. "ఏమే? ఏమే?" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె పలుకుతూనే ఉంది.

అలా ఆమె రావడం, పోవడం చాలాసార్లు జరిగింది. బతికున్న మనుషులు అలా గాలిలోంచి ఊడిపడి గాలిలో కలిసిపోరు కదా. చివరికి ఒక ఉదయం నీళ్ళ గ్లాసుతో కుడివైపుకొచ్చిన పెళ్ళాన్ని చూసి ఆయన మంచంలో వెనక్కి జరిగాడు.

"నువ్వు పోయావే. నాకు తెలుసు. నా మీద బెంగతో తిరుగుతున్నావు. వద్దు, తిరగొద్దు. నాకు భయంగా ఉంది."

ఎదురుగా నిలబెట్టి, మొహం మీదే, నువ్వు చచ్చిపోయావని చెప్తే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? గ్లాసు బల్ల మీద పెట్టి, మెల్లగా మంచం అటువైపు నడిచింది. ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. భయం తగ్గాక ఆయన కుడివైపు ఖాళీ కుర్చీతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆ చివర పట్టుకుని ఎంతసేపు నిలబెట్టేవాణ్ణో నిన్ను. చేతులు లాగుతున్నాయా అని ఒక్కనాడు అడిగానా?" అన్నాడు. ఇంకోరోజు, "నీలం చీర కట్టుకుని కొట్టుకొచ్చిన రోజున కోత వంకరపోయింది. తప్పు చెక్క మీద నెట్టేశాను గానీ, నిన్ను చూడబట్టే" అన్నాడు. మరోరోజు ఊరికే ఆమె పేరు పిలిచాడు. పెళ్ళైన కొత్తలో తప్ప ఆ పేరు ఆయన నోట ఆమె వినలేదు.

ఎడమవైపు కుర్చీలో పటాలావిడ దగ్గొచ్చినా ఆపుకుని కూర్చునేది. ఇలాంటి మాట ఒక్కటి వినాలని ఎన్నేళ్ళు కాచుకుందో ఆమెకే తెలుసు. ఇప్పుడు చెంబుతో కుమ్మరిస్తున్నాడు. తీరా అవి తనకి కావు, అలాగని ఇంకెవరికీ కావు. ఇవాళ్టికి విందాం, రేపట్నుంచి పిలుద్దాం అనుకునేది. రేపు కూడా అదే అనుకునేది. అటునుంచి పిలవడం మానేసింది.

పరీక్షల అమ్మాయి మళ్ళీ చుక్కల కాగితం పెట్టింది. ఎడమవైపు చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "మీరు పిలుస్తున్నారా అమ్మా?" అని అడిగితే పటాలావిడ నేల చూపులు చూసింది.

ఆ అమ్మాయి ఇంకో కాగితం తీసింది. కిందా పైనా రెండు ఇళ్ళ బొమ్మలు. అచ్చు ఒకేలా ఉన్నాయి, కాకపోతే పై ఇంటి ఎడమ కిటికీలోంచి మంటలొస్తున్నాయి. "రెండిటికీ తేడా ఏమైనా ఉందా సార్?"

"ఏం లేదు. ఒకటే."

"ఉండాల్సొస్తే ఏ ఇంట్లో ఉంటారు?"

ఆయన కింద ఇంటిని చూపించాడు. మంటల ఇల్లు కింద ఉన్న ఇంకో కాగితం పెట్టి అడిగింది. ఈసారి పై ఇల్లు చూపించాడు. ఎందుకని అడిగితే, మంటల ఇంటి మీద వేలు పెట్టి, "ఇందులో ఎవరో పోయినట్టుంది" అన్నాడు.

పటాలావిడ కుర్చీలోంచి లేచొచ్చి ఆ మంటలకేసి చూసింది.

"చూశారా? కనిపించదంటారు గానీ లోపల ఎక్కడో చేరుతోంది. మీరూ చేరుతున్నారమ్మా. పిలవడం ఆపకండి" అంది ఆ అమ్మాయి.

ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు. కుర్చీ వైపు తిరిగి చాలా నెమ్మదిగా, "ఒక్కదానివే ఎన్నాళ్ళు తిరుగుతావు? నేనూ వచ్చేస్తాలే" అన్నాడు.

ముద్దుమాటల కోసం మొగుణ్ణి కాటికి పంపుతున్నానా అని పటాలావిడ తనని తాను తిట్టుకుంది. పొద్దున్నే కొట్టుకెళ్ళి ఒక పొడుగు చెక్కబద్ద తెచ్చింది. ఆస్పత్రి గేటు కాపలావాడు ఇదేమిటని అడ్డుపడితే, మందు అంది. కుడి చివర ఆయన కుడిచేతిలో పెట్టింది. ఎడమ చివర తను పట్టుకుని నిలబడింది.

ఆయన చెయ్యి బద్దని ఒకసారి తడిమింది. నోరు దానంతటదే కదిలింది. "పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

కాస్త కదిలించింది. ఆయన చిరాకుపడ్డాడు. పట్టు సరిగా లేని బద్దని ఎన్నడూ ఊరుకోలేదు. కన్ను బద్ద వెంబడే పాకింది. మధ్యకొచ్చి ఆగింది. ఆమె మళ్ళీ కదిలించింది. కన్ను ఇంకాస్త జరిగింది. చెక్క, చెక్క, తర్వాత వేళ్ళు. చెయ్యి. భుజం మీద కుట్ల మచ్చ. మొహం.

"నువ్వా!" అన్నాడు. ఆమె బద్ద వదల్లేదు. చేతులు లాగినా వదల్లేదు.

అలా రోజూ. బద్దతో మొదలై, తర్వాత తాడుతో, తర్వాత ఉత్త పిలుపుతో. వాళ్ళు ఇల్లు చేరేనాటికి ఆయన కాగితం మీద చుక్కలు దాదాపు అన్నీ కొట్టేశాడు. ఎడమచెయ్యి పట్టు మాత్రం అంతంతే. ముందు ఎడమకి తిరిగి చూసి మరీ ప్రతి పనీ మొదలుపెట్టేవాడు. భార్య కనిపించగానే "ఉన్నావుగా" అనుకుని పనిలో పడేవాడు. అంతకుమించి మాటలేం లేవు.

ఒక మధ్యాహ్నం కొట్లో ఆమె ఉండబట్టలేక అడిగేసింది. "ఏమండీ, ఆస్పత్రిలో నాతో ఎన్ని మాటలు చెప్పారో గుర్తుందా? చేతులు లాగేవా అని, నీలం చీర అని."

ఆయన రంపం పక్కన పెట్టాడు. ఎడమకి పూర్తిగా తిరిగి ఆమెని తేరిపార చూశాడు. ఇప్పుడు ఆ చూపులో వంక పెట్టడానికేం లేదు.

"అవి నీకెలా తెలుసు?"

"పక్కనే ఉండి విన్నాను కదండీ."

"నీతో అనలేదే అవి" అన్నాడు ఆయన, మెల్లగా, ఆమెకి నొప్పి కలగకుండా చెప్పాలన్నట్టు. "పోయినావిడతో చెప్పుకున్నాను. నువ్వొచ్చాక ఆవిడ రావడం మానేసింది."

ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. కుడివైపు, ఎవరూ లేని చోటికేసి కాసేపు చూశాడు. పటాలావిడ బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళాం పోయిన మనిషిని ఏమని ఓదార్చాలో ఆమెకి తెలియలేదు.