క్లీనరు సీట్లోంచి చిల్కా

2023 వేసవి. పలాస కాశీబుగ్గలో నాది కంప్యూటర్లు అమర్చి బాగుచేసే కొట్టు. చుట్టూ జీడిపప్పు వ్యాపారులే కాబట్టి బిల్లుల ప్రింటరు మొరాయించిందని వచ్చేవాళ్ళే ఎక్కువ. అందుకే మందస దగ్గరి పల్లెనుంచి ఢిల్లేశు వచ్చి, "గేమ్ ఆడింది వీడియో తీయాల తమ్ముడూ, ఆకు ఆకూ కనిపించాల" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా విద్య చూపించుకునే అవకాశం ఇన్నాళ్ళకి దొరికింది.

ఢిల్లేశుకి యాభై దాటాయి. పాతికేళ్ళు జీడిపప్పు లోడుతో కోల్‌కతా లారీ తోలాడు. మా ఉద్దానంలో చాలామందికి వచ్చిన కష్టమే అతనికీ వచ్చింది. కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషను దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావలసిన మనిషి కోల్‌కతా ఏం వెళ్తాడు? ఇంట్లో కంప్యూటర్లో లారీ తోలే గేమ్ ఆడుకుంటున్నాడు. మన హైవేని ఎవరో అభిమాని ఆ గేమ్ కోసం తయారుచేసి నెట్లో పెట్టాడట.

"ఆడుతున్నప్పుడే మీ ఆవిడకి చూపించొచ్చు కదా, వీడియో ఎందుకు?" అన్నాను.

"ఇరవై నిమిషాలు కూకుంటే నడుం పడిపోద్ది. దమయంతి పగలల్లా జీడి ఒలుపుకి పోద్ది. ముక్కలు ముక్కలుగా తోలి, అన్నీ అతికించి, ఒకే పయాణంలాగ టీవీలో సూపించాల. పెళ్ళయిన కాణ్ణించీ 'ఒకపాలి నన్నూ లారీలో తీసికెల్లు మావా' అనీది. ఈ ట్రిప్పు కాదు, మీదటి ట్రిప్పు అన్నాను. ఇప్పుడు అడగడం మానీసింది" అన్నాడు.

అడగడం మానేసిందన్న మాట నాకు గుచ్చుకుంది.

అతను అంతకుముందు తీసిన వీడియో చూశాను. లారీ కదలనంతసేపూ బాగానే ఉంది, వేగం అందుకోగానే తోటలన్నీ పచ్చటి గళ్ళు గళ్ళుగా చెదిరిపోతున్నాయి. వీడియోని కుదించి ఫైలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. అతనిది H.264 అనే పాతది, బిట్‌రేట్ కూడా, అంటే సెకనుకి వాడే డేటా, బాగా తక్కువ పెట్టి ఉంది. నేను AV1 అనే కొత్త కోడెక్‌తో రికార్డు చేయగల గ్రాఫిక్స్ కార్డు తెప్పించి బిగించాను. అదే సైజు ఫైల్లో ఇది చాలా ఎక్కువ వివరం నిలుపుతుంది. ఫైలు MKV రకంగా పెట్టాను, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది దక్కుతుందని. మా వైపు కరెంటు సంగతి వేరే చెప్పాలా.

నెలన్నర తోలాడు. మైకులో భార్యకి దారి చెబుతూ తోలాడు. ముక్కలన్నీ నేనే అతికించాను. కొట్లో కొత్త మానిటర్ మీద వేసి చూస్తే కొబ్బరాకు కొసలు విడివిడిగా ఊగుతున్నాయి. మురిసిపోయి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోను. "తమ్ముడూ, మాటలొత్తన్నాయి గాని బొమ్మ రాలేదు."

చెప్పుకుంటే సిగ్గుచేటు. వాళ్ళ ఇంట్లో టీవీ ఎలాంటిదని నేను అడగనే లేదు. పాత టీవీలకి AV1 అర్థం కాదు. ధ్వని వేరే పద్ధతిలో ఉంటుంది కాబట్టి అది మాత్రం వినిపిస్తుంది. లాప్‌టాప్ పట్టుకుని బండిమీద పరుగెత్తాను.

వెళ్ళేసరికి దమయంతక్క నల్లటి టీవీకి ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంది. పండక్కి కట్టుకునే చీర కట్టుకుంది. జీడి సొన మరకల చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. టీవీలోంచి ఢిల్లేశు గొంతు, "కుడిపక్కన సూడు దమయంతీ, చిల్కా సరస్సు వచ్చీసింది" అంటోంది. ఆమె కుడిపక్కకి తల తిప్పింది. అటు గోడ ఉంది.

నా తల తీసేసినట్టయింది. గబగబా లాప్‌టాప్‌ని టీవీకి తగిలించాను. బొమ్మ వచ్చింది. ఆమె పది నిమిషాలు చూసి, "బాగున్నాది. గాని స్టీరింగు నా ఎదరున్నాదేటి? ఇది నువ్వు సూసిన దారి గదా మావా. నాను క్లీనరు సీట్లో కూకుంటాననుకున్నాను" అంది.

ఢిల్లేశు నావైపు చూశాడు. నెలన్నర కష్టపడ్డ ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.

మర్నాడే గేమ్‌లో కెమెరాని ఎడమవైపు సీట్లోకి జరిపాం. అక్కడినుంచి చూస్తూ తోలడం మాటలు కాదు. లారీకి గీత పడనివ్వని మనిషి, టోల్‌గేటుని నాలుగుసార్లు గుద్దాడు. "క్లీనరు పని ఇంత కష్టమని తెలీక ఆళ్ళని తిట్టీవోణ్ణి" అని నవ్వాడు. ఒంట్లో బాగోని రోజులు మానేస్తూ, మళ్ళీ మొదట్నించీ మొత్తం తోలాడు. ఈసారి AV1 ఫైలు నా దగ్గర దాచి, వాళ్ళ టీవీ కోసం H.264లోకి మార్చి, ముందు వాళ్ళింట్లోనే వేసి చూశాను.

మరో ఆదివారం నన్నూ పిలిచారు. అదే చీర. బయల్దేరే ముందు లారీకి కొట్టినట్టే ఢిల్లేశు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు గ్లాసులో పట్టి ఆమెకిచ్చాడు. కిడ్నీలు పాడైనవాళ్ళకి కొబ్బరినీళ్ళు ప్రమాదం, అతను తాగకూడదు. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషి, ఆమె తాగుతుంటే గ్లాసు వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఇచ్ఛాపురం దాటింది. "కుడిపక్కన సూడు దమయంతీ, చిల్కా" అంది టీవీలో గొంతు. కెమెరా కుడికి తిరిగింది. కిటికీ అవతల నీళ్ళు మెరుస్తున్నాయి. ఇవతల డ్రైవరు సీటు. అందులో ఎవరూ లేరు. స్టీరింగు దానంతటది తిరుగుతోంది. ఆ గేమ్‌లో లోపలినుంచి చూస్తే డ్రైవరు బొమ్మ కనిపించదు. నాకు తెలుసు. ముందు చెప్పాలని తోచలేదు.

దమయంతక్క చిల్కాని చూడలేదు. "ఆ సీట్లో ఎవులూ నేరేటి మావా?" అంది. నాకు భయం వేసింది, ఆపేద్దామని రిమోటు అందుకోబోయాను.

మంచం మీద పక్కనే ఉన్న ఢిల్లేశు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నానిక్కడున్నాను గదే" అన్నాడు.

ఆమె అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "అయితే మెల్లగా పోనీ. తొందరేటున్నాది" అంది.

ఇప్పుడు ఎవరొచ్చి వీడియో రికార్డింగు అన్నా, కోడెక్ సంగతి ఆఖర్న మాట్లాడతాను. ఎవరు చూస్తారు, దేనిమీద చూస్తారు, ఏ సీట్లో కూర్చుని చూస్తారు అని ముందు అడుగుతాను.