రక్తానికి రీవాల్యుయేషన్

టెక్సస్‌లోని మా ఫ్రిస్కో కాలనీలో నడివయసు తెలుగు మగవాళ్ళకి ఏడాదికోసారి పబ్లిక్ పరీక్షలు వస్తాయి. రక్తపరీక్షలు. చిన్నప్పుడు ఎంట్రన్సులకి చదివినట్టే వీటికీ చదువుతాం. పక్షం ముందు నుంచే నెయ్యి డబ్బాలు అనాథలైపోతాయి. కేల్ ఆకులు నమిలి నమిలి ముఖాలు పచ్చబడతాయి, ఇంకో వారం సాగితే కొమ్ములు మొలుస్తాయి. సాయంత్రం అందరం కలిసి నడుస్తుంటే మిలిటరీ దిగిందనుకుని అమెరికా కుక్కలు సోఫాల కింద నక్కుతాయి. ఇంత తపస్సు చేసి రక్తం ఇస్తాం. మోచేతి మీది దూది ఊడకముందే, ఆ చేత్తోనే బిర్యానీ.

ఈ చదువులో మా బ్యాచ్ ఫస్టు మా పక్కింటతను. గుంటూరు మనిషి. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. రిజల్టు ఫోన్‌లోకి రాగానే ఫెన్స్ మీంచి తల పెట్టేవాడు.

"ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, ఎంత బావా?"

"నూట నలభై."

"ఫెయిలు. నాది తొంభై. ట్యూషన్ చెప్పనా?"

సరిగ్గా తన వయసులోనే వాళ్ళ నాన్న గుండెపోటుతో పోయారు. "మా నాన్న ప్రిపేర్ అవ్వకుండా వెళ్ళాడు బావా," అనేవాడు నవ్వుతూ.

ఆ సంగతి విని కొత్త డాక్టరమ్మ ఇంకో టెస్టు రాసింది. మనవాళ్ళే, తల నెరిసిన పెద్దావిడ. లైపోప్రొటీన్ ఎ అట, రక్తంలో ఇంకో రకం కొవ్వు. అమ్మానాన్నల నుంచి వస్తుంది, పుట్టినప్పుడు ఎంతో దాదాపు చివరిదాకా అంతే. కేల్‌కి లొంగదు, నడకకి బెదరదు. ఇతనికి అది ఆకాశంలో ఉంది. అతని కారు సర్వీసింగ్‌లో ఉందని, ఆ రిజల్టు చూపించే రోజు డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"దీన్ని తగ్గించే మందు ప్రస్తుతం నా దగ్గర లేదు నాయనా. అందుకని మిగతా కొలెస్ట్రాల్‌ని ఇంకా కిందికి దింపాలి. మాత్ర మొదలుపెట్టు. గుండెకి స్కాన్ చేయించుకో."

"నాకు తొంభైయే కదండీ?"

"అది నీ మామూలు రక్తమేనా?"

"కేల్ రక్తమండీ," అన్నాను నేను.

కారెక్కాక మండిపడ్డాడు. "ఇన్విజిలేటర్‌కి నువ్వే చీటీ చూపిస్తావా బావా? రీవాల్యుయేషన్ పెడతా. ఇంకో ల్యాబ్‌లో. బిర్యానీ వాసన కూడా చూడను. అప్పటికీ తగ్గకపోతే మాత్ర."

"మాత్ర వేసుకుంటూ చదువుకో గురూ."

"మాత్ర వేసుకుని పాసైతే అది కాపీ కొట్టడం."

అన్నంత పనీ చేశాడు. ఎంత చిక్కాడంటే అతని నీడ అతనికన్నా లావుగా పడేది. రెండో ల్యాబ్‌లోనూ లైపోప్రొటీన్ అదే అంకె. మూడో ల్యాబ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. మాత్ర వేసుకోలేదు. స్కాన్ చేయించుకోలేదు.

ఒక శనివారం పొద్దున బ్యాడ్మింటన్ కోర్టులో సర్వీస్ చేయబోయి గోడకానుకుని కూర్చుండిపోయాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"గ్యాస్ బావా. మొలకలు తిన్నా."

నేను అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే విసుక్కున్నాడు. "ఎందుకయ్యా ఈ హడావుడి? స్కోరు ఎంత?"

చెప్పాను. అతనే గెలుస్తున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

తండ్రికుంటే పిల్లలకీ ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పిందట. ఉన్నది ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతోంది. "దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళండి అన్నయ్యా. నాకు కాళ్ళు రావట్లేదు," అంది వాళ్ళమ్మ.

కారులో సీటుబెల్టు పెట్టుకుంటూ అడిగింది ఆ పిల్ల. "అంకుల్, ఐ ఏట్ బ్రేక్‌ఫాస్ట్. సీరియల్. ఓకేనా?"

"పర్లేదమ్మా. ఈ టెస్టుకి కడుపు మాడ్చుకోనక్కర్లేదు."

"డాడ్‌కి చాలా రూల్స్ ఉండే. నేను ఏం ప్రిపేర్ అవ్వలే."

సూది గుచ్చేటప్పుడు రెండో చెయ్యి నాకిచ్చింది. ట్యూబు నిండేదాకా వదల్లేదు.

రిజల్టు వచ్చిన రోజు ఫెన్స్ మీంచి తల కనిపించింది. ఒక్క క్షణం అతనే అనుకున్నాను. ఆ పిల్ల ఫోన్ అందించింది. తండ్రి కన్నా ఎక్కువ. ఆ ఇంటికి మళ్ళీ ఫస్టు ర్యాంకే.

"రీటేక్ ఉంటుందా అంకుల్?"

"లేదమ్మా."

"అయితే డాక్టర్‌ని అడగాలి. ఇప్పుడే. అమ్మకి తర్వాత చెప్దాం."

కారు తాళాల కోసం లోపలికి వెళ్ళాను.