ఊరేగింపు కారు పుట్టుక

పోయిన నెల తిరుపతిలో మా మనవరాలి పెళ్లికి మండపం వాళ్లు పూలు చుట్టిన టాపులేని పాత కారు ఒకటి తెచ్చి నిలబెట్టారు. పిల్లలంతా దాని చుట్టూ చేరి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటూ, "అవ్వా, నువ్వూ ఎక్కు" అని నా చెయ్యి పట్టి లాగారు. మోకాళ్ల నొప్పి అని తప్పించుకున్నాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆ రెండు గుండ్రటి దీపాలను ఎదురుగా చూసేసరికి రెండడుగులు వెనక్కి వేశాను, అంతే. డెబ్బై దాటిన మనిషి కారును చూసి భయపడిందంటే ఎవరైనా నవ్వుతారు. కాగితమైతే మొహం మీద నవ్వదు కదా అని ఇక్కడ రాసుకుంటున్నాను.

డెబ్బైల చివర్లో నేను చిత్తూరులో ఒక ప్లీడరుగారి దగ్గర టైపిస్టుగా ఉండేదాన్ని. మకాం అక్కా బావల ఇంట్లో. బావ పెళ్లిళ్లకు మైకు సెట్లు, రంగు బల్బుల తోరణాలు అద్దెకిచ్చేవాడు. దానికి తోడు వేలూరు పక్కన ఒక షెడ్డులో టాపులేని పాత ఇంగ్లీషు కారు కొనుక్కొచ్చాడు. కొన్నాడనడం కన్నా ఏరుకొచ్చాడనాలి. అసలు ఇంజను ఏనాడో పోతే ఎవరో జీపు ఇంజను బిగించారు. స్టీరింగు లారీది. వెనక సీటు పీకేసి బావ సింహాసనం లాంటి పీట కట్టించాడు. ఎర్ర వెల్వెట్టు, రెండు పక్కలా చెక్క నెమళ్లు, ఒంటినిండా తెల్ల పెయింటు. పెళ్లికూతురి కన్నా ఈ కారుకే ఎక్కువ పౌడరు పడుతుందని అక్క ఎగతాళి చేసేది. హారను కొడితే ముసలి దున్నపోతు దగ్గినట్టుండేది. అయినా ఇటు తిరుపతి దాకా, అటు పలమనేరు దాకా, ముహూర్తాల రోజుల్లో దానికి తీరిక ఉండేది కాదు.

ఒక ఎండాకాలం పాకాలలో నా స్నేహితురాలి పెళ్లి. ముహూర్తం అయ్యాక పొద్దున పదిగంటల ఎండలో ఊరేగింపు బయల్దేరింది. బావే నడుపుతున్నాడు, నేను ఆడవాళ్లతో వెనక నడుస్తున్నాను. రైల్వే గేటు దగ్గర మేళం ఉన్నట్టుండి ఆగిపోయింది. తొంగి చూస్తే, తలగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన కారు ముందు నిలబడి, ఎండకు కాలే ఆ రెండు దీపాలను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. పెళ్లికి వచ్చిన చుట్టమే. తాగి ఉన్నాడనుకుని ఇద్దరు లాగబోయారు. ఆయన వదల్లేదు. అరవలేదు కూడా. "ఈ కారే. నా కొడుకును సంపిన కారు ఇదే. రంగు మార్చి టాపు కోసేసినారు. ఈ కండ్లు నేను మరిస్తానా?" అన్నాడు. పీట మీద నా స్నేహితురాలు పెళ్లికొడుకు చెయ్యి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ దిగి, మిగతా దారి నడిచి వెళ్లారు.

ఆయన ఊరు పలమనేరు దారిలో కనుమ దాటాక ఒక పల్లె. ఎనిమిదేళ్ల కిందట ఆయన కొడుకు సైకిలు మీద పాలక్యాన్లు వేసుకుని పోతుంటే ఒక నల్లకారు గుద్ది, ఆగకుండా పోయింది. ఆ కారు ఎవరిదో ఎప్పటికీ తెలియలేదు. ముసలాయన మర్నాడే స్టేషనుకు వెళ్లి చెప్పాడు. ఎస్సై వచ్చి కారును నాలుగు వైపులా చూసి, బావ చూపించిన బండి రిజిస్ట్రేషను పుస్తకం తిరగేశాడు. అది ఆరేళ్ల కిందట కొత్తగా రాయించినది. అంతకు ముందు ఈ కారు ఏమిటో అందులో లేదు. "ఇది మొదట్నుంచీ ఇట్లాగే టాపు లేకుండా ఉండిందని రుజువు తెండి. అంతదాకా షెడ్డులోంచి కదపొద్దు" అని చెప్పి వెళ్లాడు. గుద్దిన రోజుకు కారు బావది కాదు, నిజమే. కానీ తెలిసే రూపు మార్చాడంటే ఏం చేస్తాం? బావకు ఆ పూట నుంచి అన్నం సహించలేదు.

నేను మా ప్లీడరుగారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "మనుషులకు జాతకం ఉన్నట్టే కారుకూ ఉంటుందమ్మా. ఒంటి మీద నంబరు ఉంటుంది. తయారుచేసిన ఫ్యాక్టరీ వాళ్లు ఆ నంబరుకు ఎదురుగా పుట్టుక రాసుకుని ఉంటారు. టాపుతో పుట్టిందా, లేకుండా పుట్టిందా, వాళ్లనే అడుగు" అన్నారు. ఆయన చెప్పగా అక్కడే ఉత్తరం టైపు చేశాను. నంబరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలాను.

ఆ ఆదివారం బావ నంబరు కోసం బానెట్ ఎత్తి లోపలి రేకును ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. తెల్ల పెయింటు పొడి రాలింది. దాని కింద నీలం. బావకు కొంచెం ఉత్సాహం వచ్చింది; "నీలమే గదా, సూడు సూడు" అన్నాడు. ఇంకాస్త రుద్దితే నీలం కింద నలుపు బయటపడింది. బావ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ నలుపు మధ్య చిన్న ఇత్తడి రేకు, దాని మీద ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు, నంబరు. నేను నంబరు రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఎంతమంది పెళ్లికూతుళ్లను దీని మీద కూర్చోబెట్టామో అని తలుచుకుంటే చెమటలో చలి వేసింది.

"అమ్మణ్ణీ, ఆ జాబు ఏయొద్దు" అన్నాడు బావ, బానెట్ మూసి. "ఏస్తే మన మెడకు మనమే తాడు తగిలించుకున్నట్టు. ముక్కలు చేసి పాతినుముకు ఏసేస్తే ఎవురికీ ఏమీ తెలీదు."

"ఎస్సై కదపొద్దన్నాడు గదా?" అన్నాను.

అక్క వాకిట్లోంచే, "కారు పోతే పోనీ మే. మనిషి మిగిల్తే సాలు" అంది. ఏడుస్తూ ఉంది.

అయిదు దినాలు ఆ ఉత్తరం నా సంచిలోనే ఉంది. సంచి భుజాన వేసుకుంటే బరువుగా అనిపించేది, ఉన్నది ఒక్క కాగితమే. ఆఫీసులో ఎవరు వెనక నుంచి పిలిచినా ఉలిక్కిపడేదాన్ని.

శుక్రవారం ముసలాయన వచ్చాడు. అంతకు ముందు వారం కూడా వచ్చాడట. మా షెడ్డుకు ఎదురుగా ఉన్న సైకిలుషాపు మెట్టు మీద కూర్చుని, రేకు తలుపు సందులోంచి కనిపించే కారు ముక్కును చూస్తూ ఉంటాడు. తిట్టడు, శాపనార్థాలు పెట్టడు. చూస్తాడు, సాయంత్రం బస్సుకు లేచి పోతాడు. ఆయన రాళ్లు వేసి ఉంటే మాకు అంత భయం ఉండేది కాదేమో. అక్క కిటికీ మూసేసింది. కాసేపటికి మనసు ఆగక, నా చేత గ్లాసుతో మజ్జిగ పంపింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

"ఆ పొద్దు నేను ఎనకాలే నడిసొస్తా ఉంటిని తల్లా," అన్నాడు, నా మొహం కూడా చూడకుండా. "పిలగోడు ఎగిరి టాపు మీద పడినాడు. ఆ రేకు సప్పుడు ఇప్పటికీ ఇనపడ్తానే ఉండాది. నాకు ఎవుర్నీ లోపలేయించాల్నని లేదు. ఆ సప్పుడు దీన్దో కాదో సెప్తే సాలు."

గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చాను. మధ్యాహ్నం పోస్టాఫీసుకు వెళ్లి, నంబరు నింపి, విదేశీ స్టాంపులు అంటించి ఉత్తరం వేసేశాను. డబ్బాలో అది పడిన చప్పుడుకే, ఎంత పని చేశానో అని డబ్బా నోట్లోకి వంగి చూశాను. అక్కకు చెప్పలేదు. బావకు అసలే చెప్పలేదు. జవాబు ఆఫీసు చిరునామాకు రావాలని రాశాను.

ఆ తర్వాత నాలుగు నెలలు. మామిడికాయల కాలం ముగిసింది, వానలు పడ్డాయి. ముసలాయన ప్రతి శుక్రవారం వచ్చి అదే మెట్టు మీద కూర్చునేవాడు. బావ ప్రతి వారం ఎవరో పాతినుము వాణ్ని తీసుకొచ్చేవాడు, నేను ఏదో ఒక అడ్డు చెప్పేదాన్ని. పోలీసులు అడుగుతారు అనేదాన్ని. ప్లీడరుగారు వద్దన్నారు అనేదాన్ని. ఆయన అలా అనలేదు. అక్క ఇంట్లో తింటూ అక్క తాళిబొట్టుతో ఆడుకుంటున్నానని ఒకరోజు నాకే అనిపించి, స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. పోస్టుమాను సైకిలు గంట వినిపిస్తే టైపు మిషను మీద వేళ్లు తప్పుడు అక్షరాల మీద పడేవి. దావాల్లో వాది ప్రతివాది అయిపోయి, ప్లీడరుగారు ఒకసారి నవ్వి, రెండోసారి కోప్పడ్డారు.

జవాబు వచ్చిన రోజు ప్లీడరుగారు కోర్టులో ఉన్నారు. ఆఫీసులో నేను ఒక్కదాన్నే. స్కేలు అంచుతో కవరు చించాను. మర్యాదగా రాసిన ఒక ఉత్తరం, దాని వెనక ఎవరో చేతిరాతతో నింపిన రిజిస్టరు పేజీ నకలు. నంబరు మాదే. కింద మొదట కంటపడిన మాట రంగు. నలుపు. నాకు చదవడం అక్కడే ఆగిపోయింది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. అక్క, ముగ్గురు పిల్లలు, షెడ్డు, అందరూ ఒక్కసారి కళ్ల ముందు తిరిగారు. చాలాసేపటికి తల ఎత్తి తర్వాతి వరుస చదివాను. ఆ నంబరు కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడే రేకు టాపు లేదు. మడిచే గుడ్డ కప్పుతో తయారై ఓడలో మద్రాసుకు వచ్చింది. అలాంటి బండి తలుపుల్లో అద్దం దిగడానికి గాడి కూడా ఉండదు, చూసి సరిపోల్చుకోండి అని రాశారు.

చెప్పులు వేసుకోకుండానే ఇంటికి పరుగెత్తాను. బావ నా చేతిలోని విదేశీ కవరు చూడగానే మొహం తెల్లబోయింది. "ఏసినావా?" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, నేను మాట్లాడనివ్వలేదు. ఇద్దరం షెడ్డులోకి వెళ్లి తలుపు పైఅంచు వెంట వేలు పోనిచ్చాం. ఇటు, అటు. ఎక్కడా గాడి లేదు, అతుకు లేదు. బావ ఆ తలుపుకే ఆనుకుని నేల మీద కూలబడిపోయాడు. మర్నాడు ఎస్సై కూడా అలాగే వేలు పెట్టి చూసి, టాపు కోసిన గుర్తు ఉందేమోనని ముందు అద్దం చట్రం తట్టి చూసి, ఉత్తరం నకలు తీసుకుని, "ఇది కాదులే" అన్నాడు. అక్క ఆ సాయంత్రం పాయసం చేసింది.

పాయసం తిన్న నోటితోనే శుక్రవారం వీధి దాటి ముసలాయన దగ్గరికి వెళ్లాను. అంతా విడమరిచి చెప్పాను. ఆయన లేచి, నా వెంట షెడ్డులోకి వచ్చి, ఆ తలుపు మీద తానూ వేలు పోనిచ్చాడు. పోనిచ్చిన చోటే రెండోసారి, మూడోసారి పోనిచ్చాడు.

"ఇది కాదు గదా," అన్నాడు.

"కాదు తాతా."

"పిలగోడు పోయి ఎనిమిదేండ్లు. ఎవుర్ని తిట్టాల్నో తెలీకుండానే పాయ. ఈ నాలుగు నెల్లు తిట్టేదానికి ఒకటి దొరికింది అనుకుంటి. ఇప్పుడు ఇదీ కాదంటివి." తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "అయితే అది యాడుంటాదమ్మా?"

బావ తల దించుకున్నాడు. ముసలాయన బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు, మళ్లీ ఎప్పుడూ రాలేదు. బావ ఆ కారును ఇంకో ఏడెనిమిదేళ్లు పెళ్లిళ్లకు తిప్పి, తుప్పు ఎక్కువై తీసేశాడు. నా బతుకులో అన్నిటికన్నా పొడుగైన కాలం ఆ నాలుగు నెలలేనని చాలా ఏళ్లు అందరితో చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెప్పడం మానేశాను. బావ మీద కేసు పడుతుందన్న నా భయం ఆ శుక్రవారంతో ముగిసింది, ఆయన ఎదురుచూపు అదే శుక్రవారం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఒకే కాలం ఇద్దరికీ ఒకేలా గడవదని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.