తమ్ముడి మీద ఒట్టు

జగ్లికా ఏ మాట చెప్పినా చివర ఒక ఒట్టు కలిపేది. "పాలు విరగలేదు, తమ్ముడి మీద ఒట్టు." "రేపు వాన తప్పదు, తమ్ముడి మీద ఒట్టు." నిక్షిచ్ పట్నానికి ఎగువన మా రాళ్లకొండల్లో ఆడవాళ్లకు అంతకు మించిన ఒట్టు లేదు. అన్నో తమ్ముడో లేని ఆడది రొట్టె మీద ఒట్టేస్తుంది. వినేవాళ్లు నమ్ముతారు గానీ, కాస్త జాలిగా చూస్తారు.

ఆమె తమ్ముడు వుకోతా రాజధాని పొద్గోరిత్సాలో ఉద్యోగం చేసేవాడు. పండగలకు నారింజపళ్లు పట్టుకొచ్చి తండ్రి మంచం దగ్గర కూర్చునేవాడు. మంచి పిల్లవాడే. మంచాన పడ్డ తండ్రిని లేవదీయడం, కడగడం, మేకలు, పొయ్యి, అన్నీ పెళ్లి కాని జగ్లికావే. ఆ ముసలాయన పోయాక ఇంట్లో ఆమె దగ్గు ఆమెకే వినపడేది.

మాలో ఆస్తి తేల్చే రోజున ఆడపిల్ల చెప్పాల్సిన మాట ఒకటుంది: "నాకేం వద్దు, అంతా తమ్ముడికే." చట్టం సగం ఇస్తానన్నా సరే. జగ్లికా కూడా ఆ మాటే చెబుదామని నల్ల రుమాలు కట్టుకుని తమ్ముడి కారెక్కింది.

దారిలో మరదలు దరింకా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "వదినా, ఇల్లు కొనేవాళ్లు దొరికారు. వేసవి విడిది కట్టుకుంటారట. నువ్వు మా దగ్గరికి వచ్చెయ్యి, బాల్కనీ పక్క గది నీదే."

"మరి మేకలు?"

"మేకలను బాల్కనీలో కట్టేద్దామా ఏంటి!" అని నవ్వింది దరింకా. వుకోతా కూడా నవ్వాడు. జగ్లికా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆఫీసులో రిజిస్ట్రారమ్మ ఆస్తి కాగితాలు చదవడం ముగించి అడిగింది: "అమ్మా, మీ వాటా వదులుకుంటున్నారా?"

జగ్లికా చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎంత కడిగినా పాలవిరుగుడు వాసన పోని చేతులు.

"వంటిల్లు ఇప్పించండమ్మా. వంటిల్లూ, మేకల దొడ్డీ. మిగతాదంతా వాడిదే."

వుకోతా మొహం ఎర్రబడింది. "అక్కా, ఏం మాటలివి? తోడబుట్టినది తమ్ముడి మీద దావాకొచ్చిందని ఊరంతా నవ్వదా?"

"దావాకు రాలేదురా. ఇంటికి పోతానంటున్నా, అంతే."

"ఇల్లు నాన్న నాకే ఇస్తానన్నాడు."

"అన్నాడు. ఆ మాటన్న రాత్రే నా చేయి పట్టుకుని, నువ్వెక్కడికి పోతావే అని ఏడ్చాడు కూడా."

వంటిల్లు లేకుండా ఇల్లు అమ్ముడుపోదని వుకోతా ఒప్పుకోలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. జడ్జిగారు చట్టప్రకారం, వంటిల్లున్న కింది సగం ఆమెకు రాశారు. వుకోతా పైఅంతస్తుకు తాళం వేసి, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు. అతని సగాన్ని ఎవరూ కొనలేదు. పొరుగింటి కోసారా గోడ మీదుగా ఒక్కటే అంది: "రాళ్లు గెలుచుకున్నావు జగ్లికా. ఇక నీ పాడె ముందు ఎవడు నడుస్తాడే?"

జగ్లికా లోపలికి వెళ్లింది. పొయ్యి రాజేసుకుంది.

చలికాలంలో ఇంటిదేవుడి పండగొచ్చింది. గోధుమలు ఉడికించింది, రొట్టె కాల్చింది, తమ్ముడి గ్లాసు తుడిచి బల్ల మీద పెట్టింది. కొవ్వొత్తి వెలిగించాల్సింది ఇంటి మగవాడు. చీకటి పడేదాకా చూసి తనే వెలిగించింది. పైఅంతస్తులో గాలికి తలుపు కొట్టుకుంటుంటే రెండుసార్లు లేచి మెట్ల దగ్గరికి వెళ్లింది.

తర్వాతి సంతకు చీజ్ పట్టుకుపోయింది. ఎవరో కొత్తావిడ ముక్కు దగ్గర పెట్టుకుని అడిగింది: "తాజాదేనా? మొన్న ఒకామె పాతది అంటగట్టింది."

"నిన్న తీసిందే తల్లీ, తమ్ముడి..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. వాటా తీసుకున్న ఆడదానికి ఆ ఒట్టు చెల్లదని జగ్లికాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కన రొట్టెలమ్మే మనిషి బండి ఉంది. దానివైపు చూసింది, కానీ రొట్టె మీద ఒట్టు నోటికి రాలేదు.

కత్తి తీసి చిన్న ముక్క కోసి, ఆ కొనే ఆవిడ చేతిలో పెట్టింది.

"తిని చూడు తల్లీ," అంది.