నలభై రూపాయల సొరకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికి తీరిక ఉండేది కాదు. ఇల్లు కురిస్తే దేవుడు చూసుకోవాలి. మేకకు జబ్బు చేస్తే దేవుడు చూసుకోవాలి. మా నాయన చేయాల్సిన పని ఏదైనా సరే, ఆయనకు చేయబుద్ధి కాకపోతే "దేవుడు సూసుకుంటడు" అని బీడీ ముట్టించేవాడు. ఊళ్ళో అందరూ దాన్ని భక్తి అనుకునేవారు. మా అమ్మ మాత్రం పళ్ళు బిగబట్టి లేచి ఆ పనేదో తనే చేసుకునేది. నాకిప్పుడు అరవై దాటాయి, టీచరుగా రిటైరయ్యాను, ఆదివారం చర్చి మానను. అయినా ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మేము పటాన్‌చెరు దగ్గర ఇంద్రేశంలో ఉండేవాళ్ళం. బొంబాయి రోడ్డు వెంట ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. మా నాయన వాటిలో ఒకదానిలో ఫిట్టరు. జీతం చేతికి రాగానే పదోవంతు తీసి కవర్లో పెట్టి చర్చికి ఇచ్చేవాడు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అమ్మ కూడా పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది, నెలాఖరుకు ఆ బియ్యం చర్చికి చేరేది. అవన్నీ మాకు పొద్దున లేచి మొహం కడుక్కున్నంత మామూలు. మా ఇంటి కష్టమంతా కోతల పండుగ నాడు వచ్చేది.

కోతల పండుగ అంటే తెలియని వాళ్ళకు చెప్తాను. పంట చేతికొచ్చాక ఒక ఆదివారం సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ తమకు పండింది ఏదో ఒకటి తెచ్చి దేవుడి ముందు పెడతారు. వడ్ల మూట, జొన్న కంకులు, కోడి, డజను గుడ్లు, ఎవరి శక్తి వాళ్ళది. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు, అదే వేలంపాట. పావలా నిమ్మకాయ అయిదు రూపాయలకు పోతుంది. అలా పోవాలనే వేస్తారు, ఆ డబ్బుతోనే చర్చికి సున్నాలూ రేకులూ. పాడిన డబ్బు ఆ రోజే కట్టాలని లేదు, క్రిస్మస్ దాకా గడువు. క్రిస్మస్ పొద్దున కట్టిన వాళ్ళ పేర్లూ ఎంత కట్టారో గట్టిగా చదువుతారు. మా నాయన ప్రాణమంతా ఆ చదవడంలోనే ఉండేది.

ఆ ఏడు నేను సంగారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతున్నాను. పండుగకని శనివారం ఇంటికొచ్చాను. వచ్చేటప్పుడు వార్డెనమ్మ నా చేతికి చీటీ ఇచ్చింది. సోమవారం సాయంత్రంలోగా రెండో విడత ఫీజు నలభై రూపాయలు కట్టకపోతే నా మంచం ఇంకో పిల్లకు ఇస్తారట. అమ్మ ఆ నలభై అప్పటికే కూడబెట్టి ఉంచింది. కోస్తా నుంచి వచ్చి కంపెనీ క్వార్టర్లలో ఉంటున్న ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టి, చేతిమిషను తిప్పీ తిప్పీ కుడి భుజం పట్టేసేలా సంపాదించిన డబ్బు అది. మిరపకాయల డబ్బాలో ఉండేది. ఎంతుందో మా నాయనకు కూడా తెలుసు. తెలియకపోతేనే బాగుండేది.

ఆదివారం మా ఇంటి తరఫున అమ్మ సొరకాయ తీసుకెళ్ళింది. మా గుడిసె మీద పాకిన పాదుకు కాసిందే. లేతది, నిగనిగలాడుతూ నా చెయ్యంత పొడుగు. సంఘపెద్ద దాన్ని పైకెత్తి చూపించి రూపాయితో మొదలుపెట్టాడు. వెనక నుంచి స్టోరుకీపరు గారు మెత్తగా "రెండు" అన్నాడు. ఆయన మా నాయన పనిచేసే ఫ్యాక్టరీలోనే స్టోరు చూస్తాడు, కోస్తావైపు మనిషి, మా సంఘంలో కొత్తగా చేరాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. మా నాయనకు ఒక పానా కావాలన్నా రోజూ చీటీ పట్టుకుని ఆయన కిటికీ ముందు నిలబడాలి. ఆ నిలబడిన రోజులన్నీ మా నాయనకు ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి.

"అయిదు!" అన్నాడు మా నాయన.

ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న అమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. పక్కావిడ నవ్వుతూ "మీ సొరకాయనే గదనే, మీ ఆయనే పాడుతున్నడేంది?" అంది. పది దాటింది, ఇరవై దాటింది. స్టోరుకీపరు గారు ఒక్కో రూపాయే పెంచుతున్నాడు, చర్చి రేకులకు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని కాబోలు. మా నాయన మాత్రం యుద్ధంలో ఉన్నట్టే లేచి నిలబడ్డాడు. ఆయన పక్కనే కూర్చున్న నేను చొక్కా పట్టుకుని లాగాను. చెయ్యి విదిలించుకున్నాడు. స్టోరుకీపరు గారు ముప్పై ఎనిమిది అనగానే, ఇంట్లో డబ్బాలో ఎంతుందో సరిగ్గా అంత, నలభై అన్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అందరూ చప్పట్లు కొట్టారు. అర్ధరూపాయికి అంగట్లో దొరికే కాయ, అందులోనూ మాదే, మాకే నలభై రూపాయలకు వచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ అరవలేదు. "ఏందయ్యా, క్రిస్మస్ దాక టైమున్నది గద. జీతమొచ్చినంక కట్టు. రేపు పిల్ల పోవాలె" అని మాత్రం అంది. వినే మనిషైతే కదా! స్టోరుకీపరు తను పాడిన కోడికి అక్కడికక్కడే డబ్బు కట్టాడట, మా నాయనేమో క్రిస్మస్ దాకా ఆగితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలట. దేవుని పైసలు ముందు, మిగతావి తర్వాత అన్నాడు. మరి పిల్ల చదువో అంటే, మీకు తెలిసిన మాటే చెప్పాడు. దేవుడు చూసుకుంటాడట. డబ్బా ఖాళీ చేసి జేబులో పెట్టుకున్నాడు. అది చాలదన్నట్టు సొరకాయ నా భుజానికెత్తి వెంట రమ్మన్నాడు. పాస్టరు అయ్యగారి ఇంటికి డబ్బు కట్టడానికి పోతుంటే దారిలో నలుగురూ ఆ కాయను చూడాలని ఆయన కోరిక. నేను ఏడుస్తూ మోశాను. అది చాలా బరువుంది.

అయ్యగారు సాయంత్రం ఆరాధనకని సైకిలేసుకుని రుద్రారం వెళ్ళారు. రసీదు పుస్తకం అమ్మగారి దగ్గరే ఉండేది. అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారనేవాళ్ళం. సన్నగా, ముక్కు మీద కళ్ళద్దాలతో, మాట తక్కువ మనిషి. అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఉంది. చేతులు కడుక్కుని వచ్చి నోట్లు తీసుకుంది. నా ముఖం చూసింది, భుజం మీది సొరకాయను చూసింది.

"ఈ పైసలు యాడివి తమ్మీ? జీతం ఇంక రాలే గద" అంది.

"యాడివైతే ఏందమ్మగారూ, దేవుని సొమ్ము దేవునికి" అన్నాడు నాయన.

ఆమె ఇంక ఆయన్ని అడగలేదు, నన్నడిగింది. నేను ఎక్కిళ్ళ మధ్య అంతా చెప్పేశాను. ఫీజు, జాకెట్లు, సోమవారం, వార్డెనమ్మ చీటీ. మా నాయన నా వైపు కొట్టేలా చూశాడు. అమ్మగారు తలూపింది. రసీదు పుస్తకం తెరిచి, మధ్యలో కార్బన్ కాగితం సర్ది, నా పూర్తి పేరు అడిగి రాయడం మొదలుపెట్టింది.

"అదేంది అమ్మగారూ, పాడింది నేను గద! నా పేరు రాయుండ్రి" అన్నాడు మా నాయన, పుస్తకంలోకి వంగి.

"సొరకాయ నీ పెండ్లాం తెచ్చింది. పైసలు ఆమె కుట్టినయి, ఈ పిల్ల సదువుకిచ్చినయి. ఇందుల నీదేమున్నది తమ్మీ, నోరు తప్ప? అర్పణ ఎవరిదైతే పేరు వాళ్ళది. క్రిస్మస్ నాడు గిదే సదువుత."

ఆమె గొంతు పెంచలేదు. మా నాయన అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు నేను సంతోషించాల్సింది దేనికి? డబ్బు వెనక్కి వస్తుందేమోనని. ఇక్కడే నేను మీతో నిజం చెప్పాలి. నా చూపు రసీదు మీదే ఉంది. ఊదారంగు అక్షరాల్లో నా పేరు, దాని కింద నలభై రూపాయలు. క్రిస్మస్ పొద్దున అందరి ముందు, కొత్త గౌను వేసుకుని కూర్చుని ఉండగా, స్టోరుకీపరు గారి కూతురు వింటూ ఉండగా, నా పేరు! నా ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు.

"అట్లనే ఉండనియ్ నాయనా. నా పేరే ఉండనియ్" అన్నాను.

అమ్మగారు కలం ఆపింది. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసిన చూపులో కోపం లేదు, అదొక అలసట. మా ఇంట్లో అమ్మ ముఖంలో రోజూ చూసేదే.

"హాస్టలుకు పోతవా బిడ్డా, పేరు సదివించుకుంటవా? రెండు గావు" అంది.

నాకు సిగ్గేసింది. తల దించుకుని హాస్టలుకు పోతానన్నాను. ఆ మాట అనడానికి కాస్త సమయం పట్టింది, అదే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. ఆమె రసీదు మీద అడ్డంగా రెండు గీతలు గీసి, నోట్లు నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది. మా నాయనతో, నీ పాట నీ కష్టంతో కట్టు, గడువుంది అని చెప్పి చింతపండు దగ్గరికి వెళ్ళిపోయింది. తిరిగి వస్తుంటే సొరకాయ ఆయనే మోశాడు. అమ్మ ఆ రాత్రి దాన్ని పాలుపోసి వండింది, అందరం తిన్నాం. మర్నాడు పొద్దున నన్ను సంగారెడ్డి బస్సెక్కించడానికి ఆయనే వచ్చాడు.

మారిపోయాడా అంటే, అబ్బే! పుట్టుకతో వచ్చిన బుద్ధి. బీడీలు మానేసి, బస్సు మానేసి రెండు నెలలు ఫ్యాక్టరీకి నడిచి, ఆ నలభై క్రిస్మస్‌కు కట్టాడు. పేరు చదువుతుంటే కాలరు సర్దుకున్నాడు. మరుసటి ఏడు గుమ్మడికాయ పాడాడు. కాకపోతే అమ్మ డబ్బా జోలికి మళ్ళీ రాలేదు, బతికినన్నాళ్ళూ.

ఆయన్ని తలుచుకుని విసుక్కోవడం నాకు తేలికే, ఇన్నేళ్ళుగా అదే చేస్తున్నాను. ఇచ్చే ముందు ఇది నాదేనా, ఎవరి నోటి దగ్గరిదైనా లాగి ఇస్తున్నానా అని చూసుకోవడం మాత్రం ఆ అరుగు మీదే నేర్చుకున్నాను, ఎప్పుడూ తప్పలేదు. రెండోది, పేరు మీద ఆశ వదులుకోవడం, నాకు పట్టుబడలేదు. మొన్న మా చర్చికి కొత్త హాలు కట్టారు, నా పెన్షన్ లోంచి నేనూ ఇచ్చాను. గోడకు దాతల పేర్ల రాయి పెడితే, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, వేలు పెట్టి వెతికి నా పేరు చూసుకున్నాను. ఒక అక్షరం తప్పు పడిందని మనసు చివుక్కుమంది కూడా. ఆ పేరు తీసేయమని చెబుదామని కార్యదర్శి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఎండల గురించి మాట్లాడి తిరిగొచ్చాను.