భాస్కరం పంతులుగారి పైను చెట్టు

"తులసమ్మ నెత్తి ఎండకి మాడిపోతుంటే పట్టదు గానీ, ఆ సరుగుడు పుల్లకి వట్టివేళ్ల తడికలుటండీ! ఇంట్లో మనుషులం కనపడటం లేదూ మీకు?"

"సరుగుడు కాదే, పైను. పోనీ దేవదారు అను. హిమాలయాల్లో మునులు దాని కిందే తపస్సు చేస్తారు."

"అయితే మీరూ వెళ్లి దాని కింద కూచోండి. మూరెడు లేదు, మీ పిలకకి కూడా నీడ రాదు."

"మెల్లిగా అనవే. గోడవతల చంద్రరావు వింటాడు."

"వినక చెవులు మూసుకుంటాడా? మీరు దానికి చదివే దండకాలు ఆర్యాపురం దాకా వినపడుతున్నాయి."

వింటూనే ఉన్నాను. ఇన్నీసుపేటలో మా పెరటికీ వాళ్ల పెరటికీ మధ్య రొమ్మెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పి కాలేజీకి దండం పెట్టి వచ్చాక ఆ గోడ దగ్గర నిలబడటం తప్ప నాకు వేరే ఉద్యోగం లేదు. అది రోహిణి కార్తె. రాజమండ్రిలో కాకులు కూడా ఎగరటం మానేసి నీడలు వెతుక్కుంటున్నాయి. భాస్కరం పంతులుగారు మాత్రం తడికల మీద చెంబుతో నీళ్లు చల్లుతున్నారు. వాటి వెనక కుండీలో, బోర్లించిన బుట్టంత ఆకుపచ్చని పొద ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. ఆయన భార్య మాణిక్యాంబగారు వంటింటి గుమ్మంలో చెమటలు కక్కుతూ విసనకర్రతో గాలినీ, మొగుణ్ణీ కలిపి కొడుతున్నారు.

పంతులుగారు కాలవల ఆఫీసులో నకలు గుమాస్తా. ఇరవై రెండేళ్లుగా దొరల ఇంగ్లీషు ఉత్తరాలకి మంచి ప్రతులు తీస్తున్నారు. అక్షరాలు ముత్యాలు. ఆ రాత చూసినవాడు ఈయన ఇంగ్లీషులో ఉద్దండ పండితుడనుకోవాలి. నిజానికి సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే ఆయనకి జ్వరం వస్తుంది.

మాఘమాసంలో ఆ ఆఫీసు దొర పద్దెనిమిది నెలల సెలవు మీద విలాయతు బయల్దేరాడు. ఊటీ నుంచి తెప్పించుకున్న ఈ పొట్టి పైను మొక్కని ఎవరికి అప్పగించాలా అని గుమాస్తాలందరినీ వరసగా నిలబెట్టాడు. తెలివైనవాళ్లు పైకప్పు చూశారు. పంతులుగారు అలవాటు కొద్దీ తల వంచుకుని నిలబడ్డారు. దొరకి అది ఒప్పుకోలుగా కనపడింది.

"ఎన్నేళ్లయినా ఇది పొట్టిగా, గుబురుగానే ఉంటుంది. అదే దీని గొప్ప. నేను తిరిగొచ్చేసరికి ఇది పచ్చగా ఉంటే పెద్ద గుమాస్తా ఖాళీలో నీ పేరు రాస్తాను. మూడు నెలలకోసారి దీని క్షేమం తెలియజేయి" అన్నాడు.

అంతే. పెద్ద గుమాస్తాగిరీ మట్టి కుండీలో పడింది. పంతులుగారి బతుకంతా ఆ కుండీ చుట్టూ తిరగటం మొదలుపెట్టింది. మూడు నెలల ఉత్తరం రాసే పని గోడ దూకి నా మీద పడింది. నేను ఇంగ్లీషు కూర్చటం, ఆయన దానికి నకలు తీయటం.

మన గోదావరి వాళ్లకి చెట్టు పెంచటమంటే ఒకటే తెలుసు. నీళ్లు. కాలవలు వచ్చింది మొదలు, నీళ్లు పెడితే రానిది లేదని మనకి గట్టి నమ్మకం. వరికి నీళ్లు, అరటికి నీళ్లు, కొబ్బరికి నీళ్లు, చుట్టం వస్తే కాళ్లకి నీళ్లు. పంతులుగారు పైనుకి మూడు పూటలా మూడు బిందెలు పోశారు. రామచంద్రపురం బావమరిది ఆముదపు పిండి వేయమంటే వేశారు. ఎవరో మజ్జిగ మంచిదంటే అదీ అయింది. కుండీలో గోదావరి ఒండ్రు మెత్తగా పిసికి నింపారు. ఆ మట్టిలో చేతికర్ర పాతినా చిగురిస్తుంది. పైను మాత్రం ఆషాఢం వచ్చేసరికి పసుపు కొమ్ములా తయారైంది. సూదుల్లాంటి ఆకులు ముట్టుకుంటే రాలుతున్నాయి.

"యథాక్షేమం అని రాయి" అన్నారు పంతులుగారు, రాలిన సూదులు దోసిట్లో పట్టుకుని.

రాశాను.

ఆ మర్నాడే పెరటి సందులో చేపలమ్ముకునే మరిడమ్మ గంప నెత్తిన పెట్టుకుని పోతూ ఆగింది. పంతులుగారు కుండీలో రెండో బిందె వంచుతున్నారు.

"ఏంటండి పంతులుగోరూ, మొక్కని పెంచుతున్నారా, చేపని పెంచుతున్నారా?"

"నీకెందుకే? పో, పో. మడిలో ఉన్నాను."

"మీరు మడిలో ఉన్నారండి, అది మడుగులో ఉందండి. ఏళ్లు కుళ్లిపోయుంటాయి. మా ఆయన వలేసే లంక కాడ ముతక ఇసకుంటది, గవ్వ ముక్కలతోటి. సగం అది కలపండి. పైన పోసిన నీరు కింద నుంచి జారిపోవాల. వారానికి రెండు చెంబులు సాలు."

"నీకేం తెలుసే చెట్ల సంగతి?"

"చెట్లు తెలవ్వండి. మునిగి సచ్చినోళ్లని చూశాను."

పంతులుగారు ఆ మాటకి బిందె కింద పెట్టేశారు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఒక గంపెడు తెచ్చిపెడతావుటే?" అన్నారు.

తెచ్చింది, తన చేపల గంపలోనే. ఇక ఆ ఇసక శుద్ధి కావాలిగా! పంతులుగారు దాన్ని ఏడుసార్లు గోదావరి నీళ్లతో కడిగారు. ఒక్కో కడుగుకీ ఒక్కో పుండరీకాక్ష. ఆయన కడిగింది మైల పోవటానికి. పోయింది అడుసు. మిగిలిన ముతక ఇసక కుండీలో కలిపాక నీరు నిలవలేదు, పైను వేళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. ఆశ్వయుజానికి మళ్లీ పచ్చబడింది. మంత్రం పనిచేసిందని పంతులుగారు నాతో రహస్యంగా చెప్పారు. ఏడుసార్లు కడగటం పనిచేసిందని నేను చెప్పలేదు. చెబితే ఎనిమిదోసారి కడుగుతారు.

ఇంతలో కార్తీకం వచ్చింది. క్షీరాబ్ది ద్వాదశి సాయంత్రం తులసికోటలో ఉసిరి కొమ్మ నాటి, దాన్ని విష్ణువనుకుని తులసమ్మకి పెళ్లి చేయటం మన ఆడవాళ్ల ఆచారం. ఆ ఏడు ఉసిరి కొమ్మ తెస్తానన్నవాడు రాలేదు. దీపాల వేళ దాటిపోతోంది. మాణిక్యాంబగారు పెరడంతా కలయజూశారు. ఉసిరిదీ సన్నాకే, దీనిదీ సన్నాకే. పైగా మునుల చెట్టని మొగుడే చెప్పాడు. పటపటా పదిహేను కొనలు విరిచి, కట్టగట్టి, పసుపు కుంకాలు పెట్టి పెళ్లిపీట ఎక్కించేశారు.

ఆఫీసు నుంచి వచ్చిన పంతులుగారికి తులసికోటలో పెద్ద గుమాస్తాగిరీ పెళ్లికొడుకై కనపడింది.

"నా కొంప తీశావు గదే!"

"పెళ్లి పందిట్లో ఏడుపేంటండీ, అశుభం! అక్షింతలు వేయండి."

"కొనలన్నీ విరిచేశావే! దొర వచ్చి చూస్తే ఏం చెప్పను?"

"దేవుడికి పెట్టామని చెప్పండి. ఆయనకి మాత్రం దేవుడు లేడూ?"

పంతులుగారు అక్షింతలు వేశారు. రెండు రోజులు అన్నం మాత్రం తినలేదు. ఆ విడత ఉత్తరంలో 'మొక్క ఒక శుభకార్యంలో పాల్గొన్నది' అని రాద్దామన్నాను. ఆయన నవ్వలేదు. మళ్లీ యథాక్షేమమే రాశాం.

విరిచిన ప్రతి కొన దగ్గరా మాఘంలో రెండేసి, మూడేసి మొగ్గలు లేచాయి. చైత్రానికి పొద మునుపటికన్నా గుబురై, చెక్కినట్టు గుండ్రంగా తిరిగింది. పొట్టి పైనుని పొట్టిగా ఉంచటానికి దాని చిగురు విరవాల్సిందేనన్న సంగతి దొర చెప్పటం మరిచాడో, దొరకే తెలియదో. అప్పటినుంచి పంతులుగారు రోజూ తెల్లవారి పీట వేసుకుని, కొవ్వొత్తుల్లా నిలబడిన లేత చిగుళ్లని సగానికి గిల్లేవారు. ఏది గిల్లాలో, ఏది వదలాలో ఎవరినీ అడిగేవారు కాదు. ఆఫీసులో కామా మార్చటానికి పైవాడి చూపు కోసం ఆగే మనిషి! అతిథులు వస్తే తాంబూలం కన్నా ముందు పెరట్లోకి తీసుకెళ్లేవారు. పెద్ద గుమాస్తా మాట ఎత్తటం మానేశారు. అది నేను గమనించాను, మాణిక్యాంబగారు గమనించలేదు.

శ్రావణంలో దొర ఉత్తరం వచ్చింది. మద్రాసులో దిగాడట, పది రోజుల్లో వస్తాడట. ఖాళీ అయిన పెద్ద గుమాస్తా పనికి భాస్కరం పేరు పంపుతున్నాడట. మొక్కని నేరుగా తన బంగళాకి చేర్చమన్నాడు, ఇక దాన్ని తోటమాలి చూసుకుంటాడు.

మాణిక్యాంబగారు పరవాన్నం వండి వీధంతా పంచారు. నాకూ గిన్నెడు వచ్చింది. తింటూంటే గోడ మీద పంతులుగారి తల లేచింది.

"చంద్రరావూ, ఒక ఉత్తరం రాయాలి నాయనా."

"కృతజ్ఞతలేగా బాబాయిగారూ? పది 'యువరానర్'లు గుచ్చేస్తాను."

"కాదు. మొక్క పోయిందని."

గిన్నె కింద పెట్టాను. గోడవతల మొక్క నిగనిగలాడుతూ నన్నే చూస్తోంది.

"పోతే పెద్ద గుమాస్తాగిరీ కూడా పోతుందండీ."

"తెలుసు."

"పిన్నిగారు?"

"ఆవిడతో నేను పడతాను. ఆ తోటమాలికి చిగురు గిల్లటం రాదురా. అడిగాను. బిందెతో పోస్తాడుట." ఆయన వెనక్కి తిరిగి కుండీని ఓసారి చూసుకున్నారు. "ఈ గోదావరి వరదలో పోయిందని రాయి."

"కాలవల దొరకి వరద ఎంతదాకా వచ్చిందో తెలియదుటండీ? మన పేటకి చుక్క రాలేదు."

"అయితే రోహిణి కార్తె ఎండకి..."

"ఎండలు పోయాక, మొన్న ఆషాఢంలో కూడా యథాక్షేమమే రాశాం."

పంతులుగారు గోడ మీద గడ్డం ఆన్చి చాలాసేపు ఆలోచించారు. సొంతంగా ఒక వాక్యం పుట్టించటం ఎంత కష్టమో ఆ ముఖంలో చూశాను. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"మేక తినేసిందని రాయి నాయనా. మేకకి రికార్డులుండవు. తప్పంతా నాదేనని రాయి. కొంచెం ఏడుస్తున్నట్టు కూడా రాయి, నకలు నేను తీస్తాను."